పచ్చగా ఉన్న చెరువులోకి రాజా దిగాడు

ప్రశ్న: లెక్కల టీచరుగా రిటైరయ్యాను. మాది బుక్కపట్నం దగ్గర పల్లె. రెండేళ్ళుగా బెంగళూరులో, సర్జాపుర రోడ్డు వైపు మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇంట్లో రాజా అని లాబ్రడార్ ఉంది. పొద్దున ఆరింటికి దాన్నీ, నాలుగేళ్ళ మనవడినీ వెంటబెట్టుకుని దగ్గర్లోని చెరువు గట్టుకు వెళ్తాను. పోయిన వారం రాజా పట్టు విడిపించుకుని నీళ్ళలోకి దూకాడు. పైకొచ్చేసరికి ఒళ్ళంతా ఆకుపచ్చ పెయింటు పూసినట్టుంది. నా తుండుగుడ్డతో తుడిచి ఇంటికి తీసుకొచ్చాను. సాయంత్రం రెండు వాంతులు చేసుకున్నాడు, రాత్రి తిండి ముట్టలేదు. మర్నాడు పెరుగన్నం తిన్నాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. నా ముంజేతుల మీద మాత్రం రెండు రోజులు దద్దుర్లు వచ్చాయి. మా కోడలు ఫోన్‌లో ఏదో చదివి అది విషపు పాచి అనీ, కుక్కలు చచ్చిపోతాయనీ, ఇక చెరువు వైపే వెళ్ళొద్దనీ అంటోంది. మేం చిన్నప్పుడు పాచి పక్కకు నెట్టి ఈత కొట్టినవాళ్ళం, ఆ నీళ్ళే తాగినవాళ్ళం. మాకేమీ కాలేదు. ఇది అతి భయం కాదా? పక్కింటివాళ్ళు ఆ చెరువు చేపలే కొంటారు, తినొచ్చా? నీళ్ళు కాచుకుంటే సరిపోదా? (పేరు రాయొద్దన్నారు)

జవాబు: మాస్టారూ, మీ కోడలు చదివింది నిజమే. అలాంటి పాచిలో విషం ఉండొచ్చు, కుక్కలు దానితో చచ్చిపోతాయి కూడా. అయితే చెరువు వైపే వెళ్ళొద్దనే దగ్గర నేను మీ పక్షం. ఆ సంగతి చివర్లో మాట్లాడుకుందాం. నేను పశువైద్యుణ్ణి కాబట్టి ముందు రాజా సంగతి.

రాజా తేరుకున్నాడని వదిలేయకండి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి లివర్ టెస్టు చేయించండి. మనుషులకు ఎస్‌జీపీటీ అని రాస్తారే, కుక్కలకూ అదే. పాచి విషాల్లో ఒక రకం లివర్ మీద పడుతుంది. మొదటి రోజు వాంతులతో మొదలై, మధ్యలో కాస్త తేరుకున్నట్టు కనిపించి, రెండు మూడు రోజులకు చిగుళ్ళు పాలిపోవడం, కళ్ళు పచ్చబడటం, నల్లటి విరేచనం దాకా వెళ్ళొచ్చు. మీ ఉత్తరాన్నిబట్టి రాజా ఆ గండం దాటినట్టే ఉన్నాడు. అయినా చూపించుకోవడంలో పోయేదేం లేదు. డాక్టరుకు ఒక్క మాట తప్పకుండా చెప్పండి: "ఫలానా రోజు పచ్చటి చెరువు నీళ్ళలో దిగాడు, ఒళ్ళు నాక్కున్నాడు." ఆ మాట చెప్పకపోతే ఏమవుతుందో నాకు అనుభవమే.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, ఊరి చివర ఒక ఫాంహౌస్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు ఒక కుక్కను దుప్పట్లో చుట్టి తెచ్చారు. నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది, ఒళ్ళంతా వణుకు, నిలబెడితే కాళ్ళు నిలవడం లేదు. చూడగానే పురుగుమందు తిన్నదనుకున్నాను. చుట్టూ తోటలే, లక్షణాలూ అచ్చం అలాగే ఉన్నాయి. దానికిచ్చే వైద్యమే మొదలుపెట్టాను. సెలైన్ పెడదామని ముందు కాలు పట్టుకుంటే వేళ్ళ సందుల్లో ఎండిపోయిన ఆకుపచ్చ పొర కనిపించింది, గోడకు వేసిన సున్నం పెచ్చులా. "ఇదేంటి?" అంటే "కుంటలో ఈత కొట్టింది సార్, పొద్దున" అన్నారు. ముందే అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు. వాళ్ళు కార్డు మీద అడ్రసు రాసేలోపే అది పోయింది. ముందే అడిగి ఉంటే బతికేదా? చెప్పలేను, ఈ విషానికి విరుగుడు మందు లేదు. పాచి వల్లేనని ల్యాబులో రుజువు చేయించిందీ లేదు. కానీ ఆ తర్వాత వాంతులతో ఏ కుక్క వచ్చినా నా మొదటి ప్రశ్న "ఎక్కడి నీళ్ళు తాగింది?" అనే.

ఇక ఆ పెయింటు సంగతి. మీకు తెలియకుండానే నూట నలభై ఏళ్ళకు పైబడిన పాత పోలిక వాడారు. ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా అనే సరస్సు ఒడ్డున గొర్రెలు, గుర్రాలు, కుక్కలు చచ్చిపోతుంటే, జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన దాని గురించి 1878లో నేచర్ పత్రికకు రాశాడు. నీటి మీది పొర ఆకుపచ్చ ఆయిల్ పెయింటులా ఉందని ఆయన కూడా అన్నాడు. ఈ విషం గురించి సైన్సులో నమోదైన తొలి కబురు అదే.

మన స్కూలు పుస్తకాల్లో వీటిని నీలి ఆకుపచ్చ శైవలాలు అనేవారు. నిజానికి అవి మొక్కలు కావు, బ్యాక్టీరియా. సయనోబ్యాక్టీరియా అంటారు. మన దేశం చెరువుల్లో, కుంటల్లో బాగా కనిపించేది మైక్రోసిస్టిస్ అనే రకం. అది చేసే విషం పేరు మైక్రోసిస్టిన్, లివర్ మీద పడేది ఇదే. కొన్ని రకాలు అనాటాక్సిన్ అనే ఇంకో విషం చేస్తాయి, అది నరాల మీద పడుతుంది. అదైతే రోజుల లెక్క ఉండదు, నిమిషాల్లోనో గంటల్లోనో ఊపిరి ఆగిపోతుంది. చిక్కేమిటంటే ఒకే జాతి పాచి ఒక చెరువులో విషం చేస్తుంది, పక్క చెరువులో చేయదు. అదే చెరువులో ఈ వారం లేనిది వచ్చే వారం ఉండొచ్చు. కంటికి రెండూ ఒకటే. ల్యాబులో తేలాలి తప్ప రంగు చూసో, వాసన చూసో "ఇది మంచిదే" అనడానికి నాకూ రాదు, ఎవరికీ రాదు. "రోజూ చూస్తున్న చెరువేగా" అన్న ధీమా అందుకే పనికిరాదు.

మీరు వెళ్ళే వేళ కూడా ప్రమాదమైనదే. ఈ కణాల లోపల చిన్న చిన్న గాలి తిత్తులు ఉంటాయి. గాలి లేని రాత్రి అవి మెల్లగా పైకి తేలి, తెల్లారేసరికి నీటి మీద పొరగా పరుచుకుంటాయి. తర్వాత గాలి ఎటు వీస్తే అటు గట్టుకు కొట్టుకుపోయి అక్కడ చిక్కగా పేరుకుంటాయి. చెరువంతా మామూలుగా ఉండి ఒక్క మూల పెయింటులా ఉండటం అందుకే. కుక్క దిగడానికి వీలైన పల్లపు ఒడ్డూ చాలాసార్లు ఆ మూలే అవుతుంది.

కుక్కలకే ఎందుకు ఎక్కువ అంటే, మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కలోనే చెప్తాను. మీరు 65 కిలోలు, మీ మనవడు 15 కిలోలు అనుకుందాం. ఇద్దరి నోట్లోకీ ఒకే గుక్క నీళ్ళు పోతే, కిలో బరువుకు వాడికి అందే విషం మీకు అందేదానికి నాలుగు రెట్లకు పైమాటే. రాజా 30 కిలోలుంటాడు, కానీ వాడు ఒక్క గుక్కతో ఆగడు. ఈదుతూ మింగుతాడు, పైకొచ్చాక బొచ్చుకు పట్టిన పాచినంతా తీరుబడిగా నాక్కుంటాడు. నీళ్ళలో పలచగా ఉన్నది బొచ్చు మీద చిక్కగా అతుక్కుంటుంది. పైగా ఒడ్డున ఎండిన పాచి అట్టల వాసనంటే కొన్ని కుక్కలకు మహా ఇష్టం, తినేస్తాయి కూడా. ఎండిన పాచిలోనూ విషం నిలిచే ఉంటుంది.

మీరు తుండుగుడ్డతో తుడిచారు. ఎవరైనా అదే చేస్తారు, కానీ అది చాలదు. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే ఇంటిదాకా ఆగకండి. అక్కడ సెక్యూరిటీ గది దగ్గర కుళాయి ఉంటే అక్కడే, లేదంటే ఏ దుకాణంలోనో రెండు పెద్ద నీళ్ళ బాటిళ్ళు కొని, ముందు మూతి, కాళ్ళు, పొట్ట కింద బాగా కడగండి. ఈలోగా నాక్కోనివ్వకండి. చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోండి, మీ దద్దుర్లకు కారణం చాలావరకు ఆ తుడవడమే. ఇంటికెళ్ళాక షాంపూతో మళ్ళీ స్నానం. వాంతి చేయించాలని ఉప్పునీళ్ళు తాగించడం వద్దు. ఉప్పుతోనే కుక్కలు పోయిన సందర్భాలున్నాయి. చొంగ, తూలడం, వణుకు, ఫిట్స్ వీటిలో ఏది కనిపించినా కడగడం కూడా ఆపి బండెక్కించండి. దగ్గర్లో ఏ క్లినిక్కూ తెరిచి లేకపోతే హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. కాకపోతే మీ వైపు నుంచి బెంగళూరు ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే ఇంటి దగ్గర రాత్రిళ్ళు కూడా చూసే డాక్టరు నంబరు ఒకటి ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇప్పుడు అసలు వాదన. చిన్నప్పుడు అదే పాచిలో ఈదాం, ఏమీ కాలేదన్నారు. నేనూ చిత్తూరు జిల్లా కుంటల్లో ఈదినవాణ్ణే, కాబట్టి ఆ మాట కొట్టిపారేయను. కొంత అదృష్టం ఉంటుంది. కొంత, ఆ పాచి వేరు. జుట్టులా పీచులు పీచులుగా ఉండే నాచు, మెట్ల మీద జారే నాచు, ఇవి చాలావరకు అపకారం చేయవు. కానీ అంతకంటే పెద్ద తేడా నీళ్ళలోనే ఉంది.

మీ బుక్కపట్నం చెరువు వానతో నిండేది. ఎండాకాలానికి సగం ఎండేది, కరువొస్తే నెర్రెలిచ్చేది. అప్పుడు ఊళ్ళో ఏం చేసేవాళ్ళు? బండ్లు కట్టుకుని వెళ్ళి పూడిక తవ్వి పొలాలకు తోలుకునేవాళ్ళు. చెరువు మట్టి వేస్తే ఆ ఏడు ఎరువు అక్కర్లేదనేవాళ్ళు. ఆ బలమేంటి? చాలావరకు ఫాస్ఫరస్, నత్రజని. ఈ పాచికి తిండి కూడా సరిగ్గా అవే. అంటే పాచి తినాల్సిన తిండిని ఏటా బండ్లకెత్తి చేలల్లో పోసేవాళ్ళం, మనకు తెలియకుండానే. బెంగళూరు కెరెల (కన్నడంలో చెరువులు) సంగతి తిరగేసి చూడండి. వీటిలో చాలావాటికి వానతో పనిలేదు, ఏడాది పొడుగునా మురుగు వస్తూనే ఉంటుంది. డిటర్జెంటు, బాత్రూము, వంటిల్లు అన్నీ కలిపి ఫాస్ఫరస్‌ను మోసుకొస్తాయి. ఎండిపోయే రోజు లేదు. ఏవో కొన్ని చెరువులు బాగుచేసినప్పుడు తప్ప పూడిక తీసేవాళ్ళూ లేరు. పైన ఎండ, నిలవ నీళ్ళు, కింద ఎరువు. పాచికి ఇంతకంటే ఏం కావాలి? పేరుకు రెండూ చెరువులేగానీ, మీరు ఈదిన నీళ్ళు ఇవి కావు.

కోలారు వైపు నుంచి ఈ శీర్షిక చదివే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్ళకూ ఒక మాట. 2018 నుంచి బెంగళూరు మురుగును శుద్ధిచేసి కేసీ వ్యాలీ పథకం కింద మీ చెరువులకు పంపుతున్నారు. ఎండిన బోర్లకు అది ప్రాణం పోసిందనేవాళ్ళున్నారు, ఆ చర్చ ఇక్కడ వద్దు. అంత శుద్ధి చేసినా ఫాస్ఫరస్ కొంత మిగులుతుంది. నీటి మీద పెయింటు పొర కనిపిస్తే ఆవులను ఆ వైపు తోలకండి, తొట్టిలో నీళ్ళు పెట్టండి. ఆవైనా ఏనుగైనా ఈ విషానికి ఒకటే. 2020లో బోట్స్‌వానాలో మూడు వందలకు పైగా ఏనుగులు చచ్చిపోతే, నీటిగుంటల్లోని ఈ బ్యాక్టీరియా విషమే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

మీరు అడక్కపోయినా ఇంకోటి. బెంగళూరులోనే ఉన్న బెళ్ళందూరు చెరువు నురగ గురించి టీవీలో చూసుంటారు, 2015లో దానికి నిప్పంటుకుంది కూడా. ఆ తెల్ల నురగ వేరు, ఈ పచ్చ పొర వేరు. రెండింటికీ మూలం మురుగే. నురగను కూడా ముట్టుకోవద్దు.

మనుషుల సంగతికి వస్తే, దద్దుర్లు, కళ్ళ మంట, ముక్కు కారడం, గొంతు గరగర, మింగితే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. చాలామందికి ఇంతకు మించి వెళ్ళదు, నాలుగు రోజుల్లో తగ్గుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆ మూల నిలబడి పీల్చినా ఆయాసం రావచ్చు. పెద్ద ప్రమాదాలు జరిగింది మామూలుగా ముట్టుకుంటే కాదు. బ్రెజిల్‌లో కరువారు అనే ఊళ్ళో 1996లో డయాలిసిస్‌కు వాడిన నీళ్ళలో ఈ విషం కలిసి, నేరుగా రక్తంలోకి వెళ్ళి, యాభై మందికి పైగా చనిపోయారు. మీ దద్దుర్లకూ దానికీ పోలికే లేదు, టెన్షన్ పడకండి. మనవడి విషయంలో మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. వాడు నీళ్ళలో రాళ్ళేసి, తడిచేత్తో బిస్కెట్టు తినే వయసు. నీటి అంచుకు వెళ్ళనివ్వకండి, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. వినాయకుడి నిమజ్జనానికి చెరువు పక్కన కట్టిన కల్యాణిలో (మెట్ల కొలనులో) కూడా నీళ్ళు పచ్చగా ఉంటే వాణ్ణి దింపకండి, పైనుంచి దణ్ణం పెట్టిస్తే చాలు.

నీళ్ళు కాచడం గురించి అడిగారు. వద్దు. కాచితే బ్యాక్టీరియా చస్తుంది గానీ విషం చావదు. పైగా కణాలు పగిలి లోపలున్న విషం కూడా నీళ్ళలోకి వస్తుంది. అమెరికాలో టొలీడో అనే నగరంలో 2014 ఆగస్టులో కుళాయి నీళ్ళలోకి మైక్రోసిస్టిన్ వచ్చినప్పుడు "తాగొద్దు, కాచొద్దు" అనే చెప్పారు. లక్షల మంది రెండు మూడు రోజులు బాటిల్ నీళ్ళతో గడిపారు. తాగే నీళ్ళలో జీవితాంతం రోజూ తాగినా ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు ఒక్క మైక్రోగ్రాము. అంటే గ్రాములో పది లక్షలో వంతు. మీ ఇంటి కుళాయి గురించైతే దిగులొద్దు. బెంగళూరులో ఇళ్ళకు వచ్చేవి ఎక్కడో వంద కిలోమీటర్ల అవతలి నుంచి ఎత్తిపోసిన కావేరి నీళ్ళు, లేదంటే బోరు, ట్యాంకరు. గట్టు పక్క చెరువు నీళ్ళు కావు.

చేపలకు నా జవాబు మీ పక్కింటివాళ్ళకు నచ్చకపోవచ్చు. ఈ విషం చేప పేగుల్లో, కాలేయంలో ఎక్కువ, కండలో తక్కువ. కాబట్టి లోపలిదంతా తీసేసి కండ మాత్రమే తింటే ప్రమాదం తగ్గుతుంది, ఉడికించినందువల్ల మాత్రం తగ్గదు. కానీ మురుగు పారే చెరువులో పాచి ఒక్కటే కాదు కదా కలిసేది. చెరువు పచ్చగా ఉన్నప్పుడు నేనైతే ఆ చేప కొనను. చచ్చి తేలిన చేపలను రాజా ముట్టుకోకుండా చూడండి.

మరి రేపు పొద్దున వెళ్ళాలా వద్దా? వెళ్ళండి. మీ వయసులో రోజూ ఆ నడక, మనవడికి ఆ కొంగలు, నీటికోళ్ళు, ఇవి మానుకోమనడానికి నాకు మనసొప్పదు. ఇకపై రాజాకు మెడ బెల్టు కాకుండా ఛాతీకి కట్టే బెల్టు వేయండి, జారిపోదు. బయల్దేరే ముందు ఇంట్లోనే నీళ్ళు తాగించండి, ఒక బాటిలు, చిన్న గిన్నె వెంట ఉంచుకోండి. దాహం తీరిన కుక్క చెరువు వైపు లాగడం తగ్గిస్తుంది. అనుమానమొస్తే ఒక పొడుగాటి కర్ర నీళ్ళలో ముంచి తీయండి. పీచులు వేలాడితే చాలావరకు మామూలు నాచే. గుండ్రటి చిట్టి ఆకులు అంటుకుంటే అది నీటి మీద తేలే మొక్క. పెయింటులో ముంచినట్టు కర్రంతా పచ్చగా పూసుకుంటే ఆ రోజు ఆ ఒడ్డుకు దూరం. కర్ర పరీక్షలో ఏమీ కనిపించలేదని మాత్రం కుక్కను దింపకండి, ఆ నీళ్ళలో మురుగు ఎలాగూ ఉంది. గట్టు దగ్గర బోర్డు మీద చెరువు నీళ్ళు డి తరగతి, ఇ తరగతి అని రాసి ఉన్నా దాన్నిబట్టి ఏమీ తేల్చుకోలేరు. ఆ తరగతులు ఆక్సిజన్, అమ్మోనియా లాంటి లెక్కలతో ఇచ్చేవి, పాచి విషం వాటిలో లేదు. పెయింటు పొర కనిపిస్తే ఫోటో తీసి మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టండి, కుక్కలున్నవాళ్ళు ఇంకా చాలామందే ఉంటారు.

ఇంకొక్క సంగతి. రాజా వాంతులకు పాచే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా వాంతులతోనే మొదలై కామెర్ల దాకా వెళ్తుంది. అది మనుషులకూ వస్తుంది. ఈ రెండు మూడు వారాల్లో మీకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం లాంటివి వస్తే, మాత్ర వేసుకుని ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళి చెరువు నీళ్ళు తగిలాయని చెప్పండి. రాజా టీకాల కార్డు కూడా ఒకసారి తీసి చూడండి, లెప్టో టీకా ఏటా వేయించాలి. రేబిస్ ఒక్కటే వేయించి ఊరుకునే ఇళ్ళు చాలా చూశాను. లివర్ టెస్టు రిపోర్టు వచ్చాక ఆ అంకెలు నాకు రాసి పంపండి.